అత్తగారి వేషం

నా దగ్గర నర్సింగ్ చదువుకున్న పిల్లలు కొందరు ఇప్పుడు తామే టీచర్లయ్యారు. ఏటా వాళ్లలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "మేడం, ఈసారి కమ్యూనిటీ పోస్టింగ్ నాకు వేశారండి. క్లాసు క్లాసంతా నన్నే ఊళ్లోకి తీసుకెళ్లమంటున్నారు. ఏం చెయ్యాలో ఏంటో!" ఆ కంగారు వింటే నాకు నవ్వొస్తుంది. "ముందు పిల్లలకి చెప్పులు ఎక్కడ విప్పాలో నేర్పవే తల్లీ. తక్కినవన్నీ పుస్తకంలో ఉన్నాయి" అంటాను. "అది కాదు మేడం, అసలు సంగతి చెప్పండి" అంటారు. అదే అసలు సంగతి అంటే నమ్మరు. అందుకని ఫోన్లో చెప్పడం మానేసి ఇలా రాయడానికి కూర్చున్నాను.

రాజమండ్రి దగ్గర ఒక నర్సింగ్ కాలేజీలో సామాజిక ఆరోగ్యం చెప్పేదాన్ని. అంటే సగం ఉద్యోగం బోర్డు ముందు, సగం ఊళ్లల్లో. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో అడక్కండి. హోదా మారినా అదే బస్సు, అదే ముందు సీటు, కాలవగట్టు మలుపులకి వాంతి చేసుకునే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోవడం కూడా అదే. అయినా ఆ బస్సెక్కిన ఏ రోజూ నాకు విసుగనిపించలేదు. నిజం చెప్పాలంటే క్లాసురూముకన్నా బస్సే నాకిష్టం.

బస్సు దిగాక

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా చదువులో పిల్లలు కొన్ని వారాలు ఊళ్లల్లో పనిచెయ్యాలి. ఒక్కొక్కరికీ కొన్ని ఇళ్లు అప్పజెబుతాం. బీపీ చూడటం, పసిపిల్లల బరువు తూచడం, గర్భిణులు మాత్రలు వేసుకుంటున్నారో లేదో కనుక్కోవడం, నీళ్లు కాచి తాగమని చెప్పడం. ఆఖర్న ఊరందరినీ పిలిచి ఒక నాటకం వేస్తారు. ఈ నాటకం మాకు ఆనవాయితీ. బ్యాచి మారినా కథ మారదు. తాగుబోతు మొగుడు, గయ్యాళి అత్త, నోరులేని కోడలు. చివర్లో తెల్లకోటు వేసుకుని నర్సమ్మ ప్రవేశిస్తుంది. ఒక ఉపన్యాసమిచ్చి అందరినీ మార్చేస్తుంది.

ఇందులో ఉన్న చిక్కేంటో చాలామంది టీచర్లకి తట్టదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఊళ్లోకి దిగిన మొదటి రోజునే మన పిల్లలు చెప్పేవాళ్లయిపోతారు. ఇరవై ఏళ్లన్నా నిండని పిల్ల, ఇంట్లో తన జడ తను వేసుకోని పిల్ల, నలుగురు బిడ్డల్ని కన్న తల్లికి "బిడ్డకి పాలు ఎలా ఇవ్వాలంటే..." అని మొదలెడుతుంది. ఆ తల్లి పాపం నవ్వాపుకుంటూ తలూపుతుంది. ఆ తలూపడం చూసి మనవాళ్లు "బాగా అర్థమైంది మేడం వాళ్లకి" అంటారు. నా తల్లే!

మంచినీళ్లూ టీ

మండపేటలో రైసుమిల్లు కార్మికులుండే వీధికి ఒకసారి రెండో ఏడాది పిల్లల్ని తీసుకెళ్లాను. ఎండ మండిపోతోంది. ఏ ఇంటికి వెళ్లినా ముందు మంచినీళ్లిస్తారు, అది మన గోదావరి జిల్లాల పద్ధతి. మా పిల్లలేమో తలో సీసా తెచ్చుకున్నారు. "వద్దండి, మా నీళ్లు మాకున్నాయండి" అని ఎంతో మర్యాదగా చెప్పి, ఆ సీసా ఎత్తి ఆవిడ ఎదురుగానే గటగటా తాగారు. మర్నాడు వెళ్తే సగం ఇళ్ల తలుపులు దగ్గరగా వేసున్నాయి. "పనుందమ్మా, తర్వాత రండి" అని లోపల్నుంచే జవాబు.

నాకు సంగతి అర్థమైంది కానీ మందు తెలియలేదు. తాగమంటే ఆ పంపునీళ్లు తాగి పిల్లలు పడకేస్తారు. పైగా కాచని నీళ్లు తాగొద్దని చెప్పడానికే వెళ్లాం కదా. అప్పుడు శ్రావణి అనే పిల్ల ఒక ఇంటి గుమ్మంలో నిలబడి, "నీళ్లొద్దత్తా, టీ పెట్టవూ? తల పగిలిపోతోంది" అంది. నేను కంగారుపడ్డాను. ముక్కూమొహం తెలియని ఇంట్లో ఇదేం చనువే అనుకున్నాను. ఆ ఇంటావిడ మొహం మాత్రం చేటంత అయింది. "అలా చెప్పవేంటమ్మా, రా, కూర్చో" అని పొయ్యి వెలిగించింది.

టీ అంటే నీళ్లు మరిగాయన్నమాటే. టీ మరిగేసరికి పావుగంట మనిషి పక్కన కూర్చోవచ్చు. ఆ పావుగంటలో ఆవిడ తన పిల్లాడి దగ్గు సంగతి తనే ఎత్తింది. ఆ రోజు నుంచి మా పిల్లలందరికీ అదే పాఠం. మంచినీళ్లు వద్దని ఊరుకోవద్దు, టీ అడగండి. ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

శ్రావణిది ఆ దగ్గర పల్లెలో రైతు కుటుంబం. గేదెలూ, వరిచేలూ, నోరూ. ఆ నోటికి తోడు ఎవరిని చూసినా అచ్చం అలాగే నడిచి చూపించే విద్య ఒకటుంది. నేను వెనక్కి తిరిగితే చాలు, నా నడక నడిచి క్లాసుని నవ్వించేది. ఒకసారి కిటికీ అద్దంలో చూశాను. నిజంగానే నేను బాతులా నడుస్తానని అప్పుడే తెలిసింది.

ఫొటోల ప్రిన్సిపాల్‌గారు

నా పైవాళ్లలో మంచివాళ్లున్నారు, మామూలువాళ్లున్నారు. ఒకాయన మాత్రం ఫొటోల మనిషి. ప్రపంచంలో ఏ రోగానికి ఏ దినమో ఆయనకి కంఠతా వచ్చు. ఆ దినాన పిల్లల చేతికి అట్టలిచ్చి మిట్టమధ్యాహ్నం ఊరేగింపు తీయించేవాడు. వీధిలో కుక్కలు తప్ప ఎవరూ ఉండరు, ఊళ్లోవాళ్లంతా పనికెళ్లుంటారు. "జనం లేరండి" అంటే, "ఫొటోలో పిల్లలుంటే చాలండి" అనేవాడు. ఒకమ్మాయి ఎండకి కళ్లు తిరిగి పడితే ఆ పడిపోయిన పిల్లని కూడా ఫొటో తీయించాడు. ఆయన చెడ్డవాడని అనను. కాలేజీ గుర్తింపు నిలబెట్టాలని ఆయన తాపత్రయం. కానీ సేవ అనే మాట రోజుకి వందసార్లు అనేవాళ్ల దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండండి. సేవ చేసేవాళ్లు సాధారణంగా కాళ్లు నొప్పులంటారు, అంతే.

సముద్రం ఒడ్డు పేట

శ్రావణి బ్యాచి మూడో ఏడాదికి వచ్చాక మమ్మల్ని సముద్రం ఒడ్డున ఒక మత్స్యకారుల పేటకి వేశారు. పేరు చెప్పను. రాకపోకలు కష్టమని పిల్లలతో అక్కడి తుఫాను భవనంలోనే మకాం పెట్టాను. పొద్దున్న లేస్తే ఉప్పుగాలి, ఒడ్డున పడవల దగ్గర బేరాల కేకలు. పిల్లలు రెండు రోజులు ముక్కులు మూసుకున్నారు, మూడో రోజుకి కానాగంత చేపల పులుసు కోసం ఇల్లిల్లూ ఆరా తీయడం మొదలెట్టారు.

శ్రావణికి అప్పజెప్పిన ఇళ్లలో ధనమ్మగారిది ఒకటి. ఆవిడ చేపల గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగే మనిషి. పేటలో ఆవిడ మాటకి విలువుంది. కొడుకు పడవ మీద వేటకెళ్తాడు. కోడలు దుర్గకి నెలలు నిండుతున్నాయి. తొలిచూలే అయినా పుట్టింటికి పంపడానికి ఆ పిల్లకి తల్లి లేదు. అందుకని ధనమ్మే తల్లీ, అత్తా.

ఒక పొద్దున్న శ్రావణి పరుగెత్తుకొచ్చింది. "మేడం, దుర్గ కాళ్లు చూడండి. పట్టీలు చర్మంలోకి దిగిపోయాయి. బీపీ రెండుసార్లు చూశాను, బాగా ఎక్కువుంది." నేను వెళ్లి మళ్లీ చూశాను. పిల్ల లెక్క తప్పు కాదు. మొహం కూడా ఉబ్బింది, తలనొప్పంటోంది. ధనమ్మకి చెప్పాం, ఆసుపత్రికి తీసుకెళ్లాలని.

ఆవిడ గంప కడుగుతూ తలెత్తలేదు. "నొప్పులు రానియ్యండమ్మా, అప్పుడు సూద్దాం" అంది.

"నొప్పులొచ్చేదాకా ఆగకూడదండి."

"నొప్పుల్లేకుండా ఆసుపత్రికెల్లి ఏం సేత్తాం? గోడలు సూత్తా కూకుంటామా? రానియ్యండి, సూద్దాం."

పేటలో ఎవరు ఏ తొందర పెట్టినా ఆవిడ అనే మాట అదేనట. కాసేపు బతిమాలి, లాభం లేక పిల్లల్ని స్కూలు దగ్గర నాటకం పనిలో ఉంచి, నేను డాక్టరుగారితో మాట్లాడదామని ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. ఆయన కాగితం మీద అంకెలు చూసి కుర్చీలోంచి లేచారు. "ఇవాళే పెద్దాసుపత్రికి పంపెయ్యాలండి. ఫిట్స్ వచ్చాయంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. ఈ మాత్ర వెంటనే వెయ్యండి, బండి నేను పంపిస్తాను" అన్నారు. ఆయన ఫొటోలు తీయించుకునే రకం కాదు. కుర్రవాడే అయినా నేను చూసిన మంచి డాక్టర్లలో ఒకడు.

"క్లాప్సే క్లాప్స్ మేడం!"

నేను తిరిగొచ్చేసరికి నాటకం అయిపోయింది. పిల్లలు ఆటో ఆగకముందే చుట్టుముట్టారు. "అబ్బ, మీరు మిస్సయ్యారు మేడం! క్లాప్సే క్లాప్స్! శ్రావణి అత్తగారి వేషం వేస్తే జనం కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు!"

"ఎలా వేసిందేంటి?" అన్నాను.

చీర చెంగు బొడ్లో దోపి, నెత్తిన గంప పెట్టుకుని, ఒక చెయ్యి నడుం మీద వేసి నడిచిందట. కోడలు అమ్మో అని కుప్పకూలినా, ఫిట్స్ వచ్చి కొట్టుకుంటున్నా, అత్తగారు తలెత్తకుండా "రానియ్యండమ్మా, సూద్దాం" అందట. అన్నప్పుడల్లా జనం ఈలలు వేశారట.

"ధనమ్మగారు చూశారా?" అన్నాను.

పిల్లల నవ్వులు ఆగిపోయాయి. శ్రావణే నెమ్మదిగా చెప్పింది. "ముందు వరసలోనే కూర్చున్నారండి. మధ్యలో లేచి వెళ్లిపోయారు."

ఓసి నీ అసాధ్యం కూలా! ఆడపిల్ల ప్రాణం అరచేతిలో పెట్టుకుని నేను వాళ్లనీ వీళ్లనీ బతిమాలుతుంటే, వీళ్లు ఆ ప్రాణానికి తలుపు తియ్యాల్సిన మనిషినే పేటంతా చూస్తుండగా నవ్వులపాలు చేశారు. పిల్లల ఉద్దేశం చెడ్డది కాదు. ఆ నాటకం చూసి ధనమ్మ భయపడి మారుతుందనే వేశారట. మా చదువు చదివినవాళ్లే చెయ్యగలిగిన తప్పు ఇది. అవతలి మనిషిని సిగ్గుపరిస్తే దారికొస్తుందనుకోవడం.

పరుగున ధనమ్మ ఇంటికెళ్లాం. తలుపు వేసుంది. పిలిస్తే లోపల్నుంచే జవాబు వచ్చింది. "మాయింట్లో రోగులెవరూ లేరండి. నాటకాలాడుకునేవాళ్లు స్కూలు కాడికి ఎల్లండి."

పేటలోని ఆశా కార్యకర్త పక్కింటి పెరట్లోంచి వెళ్లి మాత్ర మాత్రం దుర్గ చేత మింగించి వచ్చింది. "తల బద్దలవుతోందంటోందండి పిల్ల" అని చెప్పింది. ఇంతలో ఆసుపత్రి బండి వచ్చి పేట మొదట్లో ఆగింది. డ్రైవరు "ఎంతసేపండీ? ఇంకో కేసుందండి" అంటున్నాడు. అప్పుడే ప్రిన్సిపాల్‌గారు ఫోన్ చేశారు. సంగతంతా చెప్పాను. "డాక్టరుకి చెప్పేశారుగా. ఇంక మన బాధ్యత కాదండి. పిల్లల్ని గొడవల్లోకి దించకండి. అన్నట్టు నాటకం ఫొటోలు వచ్చాయి, చాలా బావున్నాయి" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ పెట్టేశాను.

"నా ముందెయ్యి"

శ్రావణి అప్పటికే ఏడుపు మొహం పెట్టింది. "వెళ్లి కాళ్ల మీద పడతాను మేడం" అంది.

"పడకు. ఏడవకు కూడా. నువ్వు ఏడిస్తే నిన్ను ఓదార్చడం ఆవిడ పనవుతుంది. గుమ్మంలో కూర్చో. అడిగినదానికి జవాబు చెప్పు" అన్నాను.

ఇసుకలో చెప్పులు విప్పి గుమ్మం ముందు కూర్చుంది. నేను కాస్త ఎడంగా నిలబడ్డాను. అటూ ఇటూ ఇళ్లవాళ్లు చేరారు. పొద్దు వాలుతోంది, నాకేమో లోపలి పిల్ల ఎప్పుడు ఫిట్స్‌తో కొట్టుకుంటుందోనని చెవులు రెండూ ఆ తలుపు మీదే. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

"నా యేషం ఏసింది నువ్వేగా?" అంది ధనమ్మ.

"నేనేనండి. తప్పయింది పెద్దమ్మగారూ."

"తప్పు సంగతి తర్వాత. ఏదీ, నా ముందెయ్యి. నేను సరిగ్గా సూడలేదు."

శ్రావణి నా వైపు చూసింది. లేచి నిలబడింది. చెంగు దోపింది. నడుం మీద చెయ్యి వేసింది. నాలుగడుగులు వేసింది. "రానియ్యండమ్మా, సూద్దాం" అన్న మాట సగమే అంది. ఈసారి ఎవ్వరూ నవ్వలేదు.

"ఊఁ. నడక బానే పట్టావు. మాటా నాదే. మరి ఆ మాట నేనెందుకంటానో తెలుసా?"

"తెలీదండి."

"తెలీకుండానే ఏసేశావా?"

ఆ పిల్ల తలొంచుకుంది. నేనూ తలొంచుకున్నాను. ధనమ్మ గుమ్మంలో కూలబడి, ఎవరి వైపూ చూడకుండా చెప్పింది.

"నా కూతురు తొలికానుపుకి డాక్టరమ్మ సెప్పిందని ముందుగానే తీసుకెల్లి ఆసుపత్రిలో ఏశాను. ఏ ఊరన్నది ఇప్పుడెందుకులే. ఆ నర్సమ్మ మా మంచం కాడికొత్తే ముక్కు మూసుకునేది. సేపల కంపంట. సేపలమ్ముకునేదానికి కంపు కాకపోతే సెంటు వత్తాదా అని ఊరుకున్నా. నొప్పులొచ్చినాక నన్ను లోపలికి రానియ్యలేదు. తలుపు కాడ నిలబడ్డా. అది అమ్మా అని అరిసినప్పుడల్లా దాని తొడ మీద సెయ్యి పడతన్న సప్పుడు నాకు ఇనబడతానే ఉంది. 'అప్పుడు లేదా ఈ ఏడుపు' అందంట. ఆ బిడ్డ తర్వాత నా కూతురు మల్లీ కడుపు తెచ్చుకోలేదు, అత్తోరు ఎన్నన్నా. అందుకే నొప్పులొచ్చాకే తీసుకెల్తానంటాను. లోపల ఎంత తక్కువసేపుంటే అన్ని తక్కువ దెబ్బలు."

నా నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది, అందరు నర్సులూ అలా ఉండరండీ అని. ఆ మాట అనకుండా మింగడం నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన మంచి పనుల్లో ఒకటి. ఆ కొట్టిన చేతికి కూడా మాలాంటి టీచరెవరో పాఠం చెప్పే ఉంటుంది.

శ్రావణి మాట్లాడింది. "పెద్దమ్మగారూ, లేబర్ రూములోకి మమ్మల్ని రానిస్తారండి, చదువుకునేవాళ్లం కదా. దుర్గ పక్కన నేనుంటాను. బిడ్డ పుట్టేదాకా బయటికి రాను."

"ఎవరన్నా దాని మీద సెయ్యెత్తితే?"

"అడ్డం నిలబడతానండి."

"నీ సదువు పోద్దేమో."

"పోతే ఇంటికెళ్లి గేదెల్ని తోలుకుంటానండి. ఎలాగూ మా నాన్న ఆ మాటే అంటుంటాడు."

పక్కింటివాళ్లెవరో కిసుక్కుమన్నారు. ధనమ్మ నవ్వలేదు కానీ మొహం కాస్త సడలింది. నా వైపు తిరిగి, "ఏవండీ టీచరుగారూ, ఈ పిల్ల మాటకి మీరు పూచీనా?" అంది.

"ఆయ్, నేనే పూచీనండి. నేనూ బండెక్కుతున్నాను" అన్నాను.

ఆవిడ లేచి లోపలికెళ్లింది. దుర్గని బయల్దేరదీస్తుందనుకున్నాం. బండి డ్రైవరు తొందరపెడుతున్నాడు. పెరట్లో చెంబుతో నీళ్ల చప్పుడు. తర్వాత చూస్తే ధనమ్మ ఒళ్లంతా సబ్బుతో రుద్దుకుని, పెళ్లిళ్లకి కట్టే చీర కట్టుకుని, మెడ చుట్టూ పౌడరు తెల్లగా రాసుకుని వచ్చింది. దుర్గకి కూడా జుట్టు దువ్వి మల్లెపూలు పెట్టింది. నాకు దుఃఖం ఆగలేదు. అటు తిరిగి డ్రైవరు మీద కేకలేశాను, "ఉండవయ్యా, ఎక్కుతున్నాం కదా!" అని.

మిగతా పిల్లల్ని నాతో వచ్చిన జూనియర్ టీచరుకి అప్పజెప్పి మేం బయల్దేరాం.

నాటకం గురించి ఒక మాట

ఆసుపత్రిలో ఏం జరిగిందో చెప్పేముందు ఈ మాట చెప్పెయ్యాలి, లేకపోతే మర్చిపోతాను. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా మా పిల్లల నాటకంలో గయ్యాళి అత్త లేదు. అసలు ముందుగా రాసుకున్న నాటకమే లేదు. ఏ ఇంట్లో ఏ మాట విన్నా, "ఎందుకలా అంటున్నారండీ?" అని అడిగి, ఆ జవాబు తెచ్చుకున్నాకే వేషం కట్టాలని కట్టుబాటు పెట్టాను. జవాబు తెచ్చుకున్నాక చాలా వేషాలు కట్టబుద్ధి కాలేదు. కొన్నిసార్లు నర్సమ్మ వేషమే తిట్లు తినేది. జనం దానికీ బాగానే నవ్వారు, తర్వాత ఇంటికి పిలిచి వాళ్ల కథలు చెప్పారు. ప్రిన్సిపాల్‌గారికి మాత్రం ఫొటోలు అంత బాగా రాలేదు.

కొత్తగా వచ్చే టీచర్లకి నా సలహా కూడా అంతే. పిల్లలు ఊరికి మేలు చెయ్యడానికి వెళ్తున్నారని చెప్పకండి. ఊరు వాళ్లకి పని నేర్పుతోందని చెప్పండి. అప్పుడు నడక దానంతటదే మారుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దలన్నారు. దానికి ముందు చెవి మంచిదవ్వాలి.

లేబర్ రూము తలుపు

పెద్దాసుపత్రిలో దుర్గని చూడగానే డాక్టరమ్మ ఇంజెక్షన్లు మొదలెట్టించారు. బీపీ కాస్త లొంగాక, బిడ్డని ఇంక లోపల ఉంచకూడదని నొప్పులొచ్చే మందు పెట్టారు. నేను లేబర్ రూము ఇన్‌ఛార్జి సిస్టరు దగ్గరికెళ్లి శ్రావణి సంగతి చెప్పాను. ఆవిడ మనిషి గట్టిది. లోపల అన్ని మంచాలూ నిండున్నాయి, చూసేవాళ్లు ఇద్దరే. "స్టూడెంటా? రానివ్వండి. కానీ ఊరికే నిలబడితే కుదరదు, పని చెయ్యాలి" అంది. మాలో చెయ్యి చేసుకునేవాళ్లని నేను వెనకేసుకురాను. కానీ ఆ గదిలో పనిచేసి చూస్తే గాని అలసట ఎంతటిదో తెలియదు. అలసట నిజం. అది దెబ్బకి సాకు మాత్రం కాదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పకపోతే పిల్లలకి మనం సగం పాఠమే చెప్పినట్టు.

శ్రావణి లోపలికెళ్లింది. మర్నాడు మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. నేను కాఫీ పంపితే గ్లాసు మాత్రం ఖాళీగా తిరిగొచ్చింది.

బయట వరండాలో కుర్చీలున్నా ధనమ్మ కూర్చోలేదు. తలుపు పక్కన నేల మీద, గోడకి వీపానించి కూర్చుంది. కొడుకు వేట నుంచి తిన్నగా ఆ బట్టల్తోనే వచ్చేశాడు. ఇంకో నలుగురు బంధువులు చేరారు. లోపల ఎవరు అరిచినా ధనమ్మ ఉలిక్కిపడేది. "అది దుర్గ కాదండి" అని నేనంటే తలూపేది. తర్వాత ఒక అరుపు వినబడింది. నేనేమీ అనలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకి నా గాజు ఒకటి చిట్లింది, ఆవిడ చూసుకోలేదు. అరుపు మీద అరుపు. ఆవిడ కళ్లు మూసుకుని చెవి తలుపుకి ఆనించింది. ఆవిడ వింటున్నది అరుపుని కాదని నాకు తెలుసు.

ఆ తర్వాత పసిబిడ్డ ఏడుపు వినబడింది.

కాసేపటికి తలుపు తెరుచుకుని శ్రావణి వచ్చింది. జుట్టంతా రేగిపోయింది, కళ్లు లోపలికి పోయాయి, చేతుల్లో గుడ్డలో చుట్టిన బిడ్డ. "ఇద్దరూ బావున్నారు మేడం" అంది నాతో. బంధువులంతా ఒక్కసారి మీదపడ్డారు. "ఆడా, మగా?" అని ఒకరు. "బరువెంతుందమ్మా?" అని ఇంకొకరు.

ధనమ్మ బిడ్డ వైపు చూడలేదు. గోడ పట్టుకుని లేచి, ఆ పిల్ల మొహంలోకి చూసి అడిగింది.

"కొట్టారా?"

"లేదు పెద్దమ్మగారూ. ఎవ్వరూ కొట్టలేదు. బాగా అరిచిందండి, అరవనిచ్చారు."

"ముక్కు మూసుకున్నారా?"

"లేదండి. మల్లెపూల వాసన బావుందన్నారు."

ధనమ్మ చెంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. పౌడరంతా చెంగుకి అంటుకుంది. అప్పుడు రెండు చేతులూ చాపి, "ఏదీ, ఇటియ్యి" అంది.